వి838 చుట్టూ పెరుగుతున్నది మేఘం కాదు, ఆలస్యంగా అందుతున్న వెలుగు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వి838 మోనోసెరోటిస్ అనే నక్షత్రం మీద హబుల్ టెలిస్కోపు ఫొటోలతో చేసిన వీడియో చూశారు. 2002 మే నుంచి డిసెంబరు దాకా, ఏడు నెలల్లో, దాని చుట్టూ ఉన్న మేఘం 4 కాంతి సంవత్సరాల వెడల్పు నుంచి 7 కాంతి సంవత్సరాల వెడల్పుకు పెరిగిందని కింద రాసి ఉంది. ఏడు నెలల్లో మూడు కాంతి సంవత్సరాలంటే కాంతి కంటే వేగం కదా, పదార్థం అలా ఎలా వెళ్తుంది, లేక వీడియోనే అబద్ధమా అని అడిగారు. మీ దగ్గర 6 అంగుళాల టెలిస్కోపు ఉందని, ఇలాంటిది ఇంటి నుంచి చూడొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబితే, ఆ ఫొటోల్లో పదార్థమేదీ బయటికి దూసుకుపోవడం లేదు. ఆ ధూళి నక్షత్రం వెలగకముందు నుంచే అక్కడ ఉంది. చీకట్లో ఉంది కాబట్టి కనిపించలేదు. 2002 మొదట్లో నక్షత్రం ఒక్కసారిగా భగ్గుమంది. ఆ వెలుగు బయటికి వెళ్తూ ఒక్కో రోజు ఒక్కో చోట ఉన్న ధూళిని తాకుతోంది. ఆ ధూళి మీద పడి చెదిరిన వెలుగే కాస్త ఆలస్యంగా మనకు చేరుతోంది. మే నెల ఫొటోలో వెలిగిన ధూళి వేరు, డిసెంబరు ఫొటోలో వెలిగిన ధూళి వేరు. మన కంటికి మాత్రం రెండూ ఒకే మేఘంలా, అది ఉబ్బినట్టు కనిపిస్తాయి. దీన్ని లైట్ ఎకో అంటారు, తెలుగులో కాంతి ప్రతిధ్వని. ప్రతి కిరణమూ మామూలు కాంతి వేగంతోనే వస్తుంది. పెరిగే వేగం మాత్రం కాంతిని మించి కనిపిస్తుంది.

మీ లెక్కలో చిన్న సవరణ ఉంది. 4, 7 అనేవి వ్యాసాలు. నడిమి నుంచి అంచు దాకా పెరిగింది అందులో సగం, అంటే ఒకటిన్నర కాంతి సంవత్సరం. ఏడు నెలల్లో ఒకటిన్నర అన్నా కాంతి వేగానికి రెండున్నర రెట్లు అవుతుంది. కాబట్టి మీ అనుమానం అలాగే నిలుస్తుంది. మంచి ప్రశ్నే అడిగారు.

నేను ముప్ఫై ఏళ్లు కర్నూలు జిల్లాలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. పదహారేళ్లుగా నల్లమల అంచున ఉన్న మా పొలం నుంచి నెబ్యులాల (ఆకాశంలోని ధూళి, వాయువుల మేఘాల) ఫొటోలు తీస్తున్నాను. ఈ వీడియో చూపించిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా మీ ప్రశ్నే అడిగేవారు. "అలా కనిపిస్తుందంతే" అని చెబితే ఎవరికీ తృప్తి ఉండదు. అందుకని ఒక చెక్క, రెండు మేకులు, దారం తెచ్చి చూపించడం మొదలుపెట్టాను.

బట్టలారేసే దండెం చూసే ఉంటారు. రెండు గుంజల మధ్య తాడు బిగించి కడితే తిన్నగా ఉంటుంది. కాస్త వదులుగా కడితే మధ్యలో జారి వేలాడుతుంది. వదులిచ్చింది కొంచెమే, జారేది చాలా ఎక్కువ. లైట్ ఎకో కిటుకు మొత్తం ఇదే.

చెక్క మీద 100 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి. 101 సెంటీమీటర్ల దారం తీసుకుని రెండు కొసలనూ మేకులకు కట్టండి. మధ్యలో పెన్సిల్ పెట్టి పక్కకు లాగండి. ఎంత దూరం వస్తుంది? ఒక సెంటీమీటరు వస్తుందని, మహా అయితే రెండు వస్తుందని పిల్లలు చెప్పేవారు. స్కేలు పెట్టి కొలిస్తే ఏడు సెంటీమీటర్లు. దారానికి ఇంకో సెంటీమీటరు వదులిస్తే పది. పైథాగరస్ సిద్ధాంతంతో మీరే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు ఒక మేకు నక్షత్రం, రెండో మేకు మనం. దారం అంటే వెలుగు నడిచిన దారి. దారం బిగుతుగా ఉన్నప్పుడు వెలుగు నేరుగా మన దగ్గరకు వచ్చినట్టు. నక్షత్రం పేలినట్టు మనం మొదట చూసేది ఆ వెలుగునే. దారం వదులైతే వెలుగు పక్కకు వెళ్లి, ధూళిని తాకి, అక్కడి నుంచి మన వైపు తిరిగినట్టు. పెన్సిల్ మొన ఉన్న చోటే ఆ ధూళి. దారంలో ఎంత వదులుందో అంత ఆలస్యం. పెన్సిల్‌ను రెండు మేకుల చుట్టూ తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. పేలుడు కనిపించాక ఒక సంవత్సరానికి మనం తీసిన ఫొటోలో, ఆ సంవత్సరపు దీర్ఘవృత్తం మీదున్న ధూళి మాత్రమే వెలుగుతుంది. దానికి లోపలున్న ధూళిని వెలుగు దాటేసింది. బయటున్న ధూళి నుంచి వెలుగు మనకింకా చేరలేదు.

అసలు లెక్కలో మన మేకు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. అందుకని నక్షత్రం దగ్గర ఆ ఆకారం నోరు మన వైపు తెరిచిన లోతైన గిన్నెలా, అంటే పరావలయంలా ఉంటుంది. నక్షత్రం గిన్నె అడుగుకు కాస్త పైన ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ గిన్నె పెద్దదవుతుంది.

అంకెలతో చూద్దాం. నక్షత్రానికీ మనకూ మధ్యలో, నక్షత్రానికి 10 కాంతి సంవత్సరాలు ముందు, ఒక ధూళి తెర అడ్డంగా ఉందనుకోండి. పేలుడు కనిపించాక ఒక సంవత్సరానికి ఆ తెర మీద ఏ చోటు వెలుగుతుంది? మనం చాలా దూరంలో ఉన్నాం కాబట్టి తెర మీది ఏ చోటు నుంచైనా మన దాకా దారి దాదాపు ఒకటే; తేడా అంతా తెర దాకానే. నేరుగా వచ్చే వెలుగు తెర దాకా రావడానికి 10 సంవత్సరాలు పడుతుంది. ఏడాది ఆలస్యంగా అందేది 11 కాంతి సంవత్సరాలు నడిచి తెరను తాకిన వెలుగు. 11 వర్గంలోంచి 10 వర్గం తీసేస్తే 21. దాని వర్గమూలం 4.6. అంటే ఏడాదిలో వలయం నడిమి నుంచి 4.6 కాంతి సంవత్సరాల దూరం పాకేసింది! రెండో ఏడాదికి 12 వర్గంలోంచి 100 తీస్తే 44, వర్గమూలం 6.6. మూడో ఏడాదికి 8.3. మొదటి ఏడాది 4.6 పెరిగినది రెండో ఏడాది 2 పెరిగింది, మూడో ఏడాది 1.7. మొదట్లో ఎగిరి దూకినట్టు పెరిగి, తరువాత నెమ్మదిస్తుంది. తాడుకు మొదటి సెంటీమీటరు వదులిచ్చినప్పుడే కదా దండెం ఎక్కువ జారింది.

ధూళి తెర నక్షత్రానికి ఎంత ముందుంటే ఈ వింత అంత ఎక్కువ. 1987 ఫిబ్రవరిలో పెద్ద మెజెల్లానిక్ మేఘంలో (మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) పేలిన 1987ఎ సూపర్‌నోవా (నక్షత్రమే పేలిపోవడం) చుట్టూ రెండు పెద్ద వలయాలు కనిపించాయి. అవి ఆ సూపర్‌నోవాకు దాదాపు 400, 1000 కాంతి సంవత్సరాలు ముందున్న రెండు ధూళి తెరల మీద పడిన వెలుగు. 400 కాంతి సంవత్సరాల తెరకు పైన చేసిన లెక్కే వేస్తే, మొదటి ఏడాదిలోనే వలయం 28 కాంతి సంవత్సరాల దూరం పెరిగినట్టు వస్తుంది. ఆ సూపర్‌నోవా మా కర్నూలు నుంచి దక్షిణ దిక్కున నేలకు అయిదు డిగ్రీల ఎత్తుకు మించి రాదు. పొలం గట్టున చెట్టు ఉన్నా మరుగైపోతుంది. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లకు అది ఆకాశంలో బాగా పైకి వస్తుంది.

ఇక్కడ మీకు ఇంకో సందేహం రావచ్చు. ధూళి నక్షత్రానికి ముందే ఎందుకుండాలి, వెనక ఉండదా? ఉంటుంది. కానీ వెనకున్న ధూళి దాకా వెలుగు వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. ఏడాది ఆలస్యంలో సరిగ్గా వెనక అర కాంతి సంవత్సరం లోతు దాకానే మనకు కనిపిస్తుంది. పైగా ఈ ధూళి రేణువులు మైక్రాన్ కంటే చిన్నవి, పొగలో ఉండే నలుసుల్లాంటివి. అవి వెలుగును వెనక్కి తిప్పేదానికంటే ముందుకు చెదరగొట్టేదే ఎక్కువ. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గమనించండి. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే ఎగిరే దుమ్ము బంగారంలా మెరుస్తుంది. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని చూస్తే అదే దుమ్ము సరిగా కనిపించదు. ఆకాశంలోనూ అంతే. మనకూ నక్షత్రానికీ మధ్యనున్న ధూళే బాగా వెలుగుతుంది.

ఇక వి838 సంగతి. 2002 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన నికోలస్ బ్రౌన్ అనే ఔత్సాహికుడు దాని వెలుగు పెరగడం పట్టుకున్నాడు. ఫిబ్రవరిలో అది 6.8 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) దగ్గరకు వచ్చింది, బైనాక్యులర్‌తో చూడొచ్చు. దూరం దాదాపు 20,000 కాంతి సంవత్సరాలు. అంత దూరం నుంచి బైనాక్యులర్‌కు అందిందంటే నిజంగా ఎంత వెలిగిందో ఊహించండి, సూర్యుడికి ఆరు లక్షల రెట్లు! అది నోవా (నక్షత్రం పైపొర మాత్రమే పేలడం) కాదు, సూపర్‌నోవా కాదు. పైపొరలు ఎగిరిపోలేదు. నక్షత్రం ఉబ్బి, చల్లబడి, ఎర్రబడింది. రెండు నక్షత్రాలు ఢీకొని ఒకటైపోయి ఉంటాయనే వివరణ ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. 2008లో వి1309 స్కార్పియై అనే జంట నక్షత్రం అలాగే కలిసిపోవడాన్ని పాత రికార్డులతో సహా చూశాక ఆ వివరణకు బలం వచ్చింది.

ఆ ఫొటోల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన వివరం రంగు. కొన్నిటిలో బయటి అంచు నీలంగా, లోపలి భాగం ఎర్రగా ఉంటుంది. ఆ ధూళికి రెండు రంగులు లేవు. నక్షత్రం మొదట తెల్లగా వెలిగి, వారాల్లో ఎర్రబడింది. బయటి అంచులో ఉన్నది మొదటి రోజుల వెలుగు, లోపలున్నది ఆ తరువాతి వెలుగు. అంటే ఒకే ఫొటోలో నక్షత్రం గడిపిన కొన్ని నెలలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. తరగతిలో ఇది చెప్పిన రోజు, చెప్పే నాకే ఒళ్లు గగుర్పొడిచేది.

మీరు చూసిన వీడియో గురించి ఒక హెచ్చరిక. హబుల్ తీసిన ఫొటోలు కొన్నే. వీడియో సాఫీగా సాగడానికి మధ్య ఫ్రేములు కంప్యూటర్‌తో నింపుతారు. అబద్ధం అనను, కానీ ఆ మధ్య ఫ్రేముల్లోంచి కొలతలు తీయకండి. తేదీ వేసిన అసలు ఫొటోలనే నమ్మండి.

ఈ సంగతి కొత్తది కాదు. 1901 ఫిబ్రవరిలో పర్సియస్ రాశిలో ఒక నోవా వెలిగింది. ఎడిన్‌బరోలో థామస్ ఆండర్సన్ అనే ఔత్సాహికుడు మొదట చూశాడు. కొద్ది రోజుల్లోనే ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన నక్షత్రాల సరసన చేరింది. ఆ ఏడాది చివర్లో అమెరికాలో యెర్కీస్ అబ్జర్వేటరీలో రిచీ, లిక్ అబ్జర్వేటరీలో పెరైన్ తీసిన ఫొటోల్లో నోవా చుట్టూ మసక మేఘం కనిపించింది. అది నెలల్లోనే ఆర్క్‌మినిట్ల (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) లెక్కన జరిగిపోతోంది. పదార్థం అంత వేగంగా కదలడమేమిటని అందరూ తల పట్టుకున్నారు. కదిలేది పదార్థం కాదు, వెలుగు అని డచ్ ఖగోళ శాస్త్రవేత్త కాప్టెయిన్ చెప్పాడు. కానీ వెలుగు సరిగ్గా పక్కకే, కాంతి వేగంతో పాకుతోందని అనుకుని లెక్కేస్తే నోవా ఉన్నదానికంటే చాలా దగ్గరగా వచ్చింది. ఇందాకటి గిన్నె ఆకారాన్ని సరిగ్గా లెక్కగట్టి, కాంతిని మించిన వేగం ఎందుకు కనిపిస్తుందో 1939లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పాల్ కూడెర్క్ తేల్చాడు. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు గడిచాయి. కాబట్టి మీకు వీడియో చూడగానే తలకెక్కలేదని బాధపడనవసరం లేదు.

అదే నోవా ఇంకో పాఠం కూడా చెబుతుంది. 1916లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త బార్నార్డ్ దాని చుట్టూ చిన్న వలయం చూశాడు. ఇది ప్రతిధ్వని కాదు, నోవా నిజంగా విసిరేసిన పదార్థం. సెకనుకు వెయ్యి కిలోమీటర్లంటే మనకు మహావేగం, కానీ ఆ దూరంలో అది ఏడాదికి అర ఆర్క్‌సెకండ్ (ఆర్క్‌మినిట్‌లో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌సెకండ్) మాత్రమే పెరుగుతుంది. ఒకే నక్షత్రం చుట్టూ రెండూ ఉన్నాయి, నెలల్లో పరిగెత్తిన వెలుగూ, వందేళ్లకు పైగా మెల్లగా పాకుతున్న పెంకూ. ఆకాశంలో పెరిగే ప్రతి మేఘాన్నీ లైట్ ఎకో అనుకోవద్దు. ఎంత వేగంగా పెరుగుతోంది, స్పెక్ట్రం (వెలుగును రంగులుగా విడగొడితే వచ్చే గీతల పట్టీ) నక్షత్రానిదా లేక వేడి వాయువుదా అని చూడాలి. ఎకో అయితే అందులో నక్షత్రం పేలిననాటి స్పెక్ట్రమే ఉంటుంది. ధూళి అద్దంలా పనిచేస్తుంది తప్ప తన సొంత గీతలేమీ కలపదు.

ఈ చివరి మాట దగ్గరే నేను ఆగి కాసేపు మాట్లాడాలి, ఎందుకంటే లైట్ ఎకోల అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. 1572 నవంబరులో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ కాసియోపియా రాశిలో కొత్త నక్షత్రం చూశాడు. టెలిస్కోపే లేని కాలం, స్పెక్ట్రం అన్న మాటే పుట్టలేదు. అది ఏ రకం సూపర్‌నోవా అన్నది మిగిలిన శిథిలాలను చూసి ఊహించాల్సిందే. కానీ ఆ రోజు వేరే దిక్కుకు వెళ్లిన వెలుగు దూరాన ఒక ధూళి మేఘాన్ని తాకి, నాలుగు వందల ఏళ్లకు పైగా ఆలస్యంగా మన వైపు వచ్చింది. 2008లో హవాయిలోని సుబారు టెలిస్కోపుతో దాని స్పెక్ట్రం తీశారు. టైప్ 1ఎ సూపర్‌నోవా, అంటే తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలిపోయే రకం అని తేలింది. టైకో చూసిన అదే పేలుడును, మన కాలపు పరికరాలతో మళ్లీ చూశారు!

అదే రాశిలోని ఇంకో సూపర్‌నోవా శిథిలం, కాసియోపియా-ఎ కథ ఇంకా విచిత్రం. దాని వెలుగు 1680 ప్రాంతంలో భూమికి చేరి ఉండాలి, కానీ చూశామని స్పష్టంగా రాసిపెట్టినవాళ్లు లేరు. ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయిన పేలుడు అది. దాని ఎకో స్పెక్ట్రం కూడా 2008లోనే దొరికింది. హైడ్రోజన్ పొర చాలావరకు పోగొట్టుకున్న పెద్ద నక్షత్రం కూలిపోయిందని తెలిసింది. తరువాత వేర్వేరు దిక్కుల్లో ఉన్న ధూళి నుంచి వచ్చిన ఎకోలు పోల్చారు. ఒక్కో ధూళి మేఘం ఆ పేలుడును ఒక్కో పక్క నుంచి చూసింది కదా. పేలుడు అన్ని వైపులా ఒకేలా లేదని తేలింది. నేరుగా చూసే అదృష్టం ఉన్నవాళ్లకు కూడా ఒక పక్కే కనిపించేది.

ఈటా కారినే మన దగ్గర నుంచి చూడగలిగిన నక్షత్రమే. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో కర్నూలు నుంచి దక్షిణాన పద్నాలుగు డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 1843లో అది ఆకాశంలో సిరియస్ తరువాత అంతటి ప్రకాశంతో వెలిగింది. ఆ మహా విస్ఫోటం నాటి వెలుగు ఎకోగా దొరికిందని 2012లో ప్రకటించారు. దాని ఉష్ణోగ్రత 5,000 కెల్విన్ దగ్గరుంది. అప్పటిదాకా ఉన్న సిద్ధాంతం చెప్పినదానికంటే ఇది బాగా చల్లన. 2018లో అదే ఎకోల స్పెక్ట్రంలో సెకనుకు పది వేల కిలోమీటర్లు దాటిన వేగంతో విసిరిన పదార్థం జాడ కూడా కనిపించింది. ఒక పాత ఘటన గురించిన సిద్ధాంతాన్ని, ఆ ఘటన వెలుగే తిరిగొచ్చి సవరించడం ఇంకే శాస్త్రంలో సాధ్యం?

ఎకోతో దూరం కొలవడం గురించి కూడా చెప్పాలి. ధూళి వెలుగును పక్కకు, సరిగ్గా 90 డిగ్రీలకు చెదరగొట్టినప్పుడు పోలరైజేషన్ (వెలుగు అలలు ఒకే దిక్కులో ఊగడం) అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. పోలరాయిడ్ కళ్లజోడు ఉంటే మీరే చూడొచ్చు. పొద్దుటే సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశాన్ని చూస్తూ తల పక్కకు వంచండి, నీలం ముదురుతూ పలచబడుతూ ఉంటుంది. ఎకోలో పోలరైజేషన్ ఎక్కువగా ఉన్న వలయంలోని ధూళి, నక్షత్రానికి ముందూ వెనకా కాకుండా, సరిగ్గా పక్కన ఉన్నట్టు. పక్కన ఉన్నదాని దూరం మాత్రం తిన్నని లెక్క. ఏడాది అయితే ఒక కాంతి సంవత్సరం, మూడేళ్లయితే మూడు. ఆకాశంలో ఆ వలయం ఎంత కోణంలో కనిపిస్తోందో కొలిస్తే నక్షత్రం ఎంత దూరంలో ఉందో వచ్చేస్తుంది. వి838కు 20,000 కాంతి సంవత్సరాలు అని పైన రాశానే, హబుల్ తీసిన పోలరైజేషన్ ఫొటోలు చెప్పిన దూరం కూడా అదే.

కానీ ధూళి ఎక్కడుందో తెలియకుండా ఊహించి లెక్కేస్తే మోసపోతాం. ఆర్ఎస్ పపిస్ అనే సెఫీడ్ నక్షత్రం 41 రోజులకోసారి ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న ధూళిలో ఆ వెలుగు అలలు అలలుగా పాకుతుంది. 2008లో ఆ అలలతో దూరం చాలా కచ్చితంగా కొలిచామన్నారు. ధూళి ఏ లోతులో ఉందో తెలియకుండా అంత కచ్చితం ఎలా అని మరుసటి ఏడాదే ఆక్షేపణ వచ్చింది. చివరికి హబుల్ తీసిన పోలరైజేషన్ ఫొటోలతో లోతు తేల్చి, 2014లో దాదాపు 6,200 కాంతి సంవత్సరాలని మళ్లీ ప్రకటించారు. కాప్టెయిన్ కాలం నుంచీ జారే మెట్టు అదొక్కటే.

ఇన్‌ఫ్రారెడ్ ఎకో అని మీకు ఎక్కడైనా కనిపిస్తే అది వేరు. అక్కడ ధూళి వెలుగును మింగి, వేడెక్కి, తన సొంత ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వదులుతుంది. ఆ ధూళిని వెలుగు ఎప్పుడు తాకిందో తెలుస్తుంది, నక్షత్రం స్పెక్ట్రం మాత్రం దొరకదు. ఎక్స్‌రే ఎకోలు కూడా ఉన్నాయి. 2015లో వి404 సిగ్నై అనే, బ్లాక్‌హోల్, నక్షత్రం కలిసిన జంట భగ్గుమన్నప్పుడు దాని చుట్టూ వలయాలు కనిపించాయి.

ఇక మీ చివరి ప్రశ్న, ఇంటి నుంచి చూడొచ్చా అన్నది. వి838 ఎకో ఇప్పుడు 6 అంగుళాల టెలిస్కోపుకు అందదు. పాత సూపర్‌నోవాల ఎకోలు పెద్ద అబ్జర్వేటరీలకే కష్టం. కానీ దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, ఎన్‌జీసీ 2261, హబుల్ వేరియబుల్ నెబ్యులా. అదీ మోనోసెరాస్ రాశిలోనే ఉంది. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదికి మన దగ్గర దాదాపు నడినెత్తిన ఉంటుంది. చిన్న తోకచుక్కలా, ఒక కొస సూదిగా ఉంటుంది. ఆ కొసన ఆర్ మోనోసెరోటిస్ అనే చిన్న వయసు నక్షత్రం ఉంది. దాని దగ్గర తిరిగే ధూళి ముద్దలు వెలుగుకు అడ్డం వచ్చినప్పుడు, వాటి నీడలు నెబ్యులా మీద వారాల్లో జరుగుతాయి. అక్కడ వెలుగు పాకుతుంది, ఇక్కడ నీడ పాకుతుంది. లాంతరు దగ్గర వేలు ఆడిస్తే గోడ మీద నీడ ఎంత దూరం దూకుతుందో తెలుసు కదా. ఎడ్విన్ హబుల్ 1916లో ఈ మార్పులు గుర్తించాడు.

నేను పదకొండు సీజన్లుగా దాని ఫొటోలు తీస్తున్నాను. మూడో సీజన్‌లో ఒక పొరపాటు చేశాను, మీరు చేయకూడదని చెబుతున్నాను. రెండు వారాల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే పడమటి అంచు సగం మాయమైంది. పెద్ద మార్పు పట్టుకున్నానని నలుగురికీ పంపేశాను. తరువాత నిదానంగా చూస్తే రెండో ఫొటో తీసిన రాత్రి చంద్రుడు ఉన్నాడు. ఆకాశం వెలుగు తీసేయడానికి నేను కంప్యూటర్‌లో ఎక్కువ కత్తిరించాను, మసకగా ఉన్న అంచు దాంతోపాటే పోయింది. అందరికీ మళ్లీ రాసి తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. చంద్రుడు లేని రాత్రులే ఎంచుకుంటాను. అదే కెమెరా, అదే ఫిల్టర్, అదే ఎక్స్‌పోజర్, నెబ్యులా అంతే ఎత్తులో ఉన్నప్పుడు తీస్తాను. అన్ని ఫొటోలకూ కంప్యూటర్‌లో ఒకే సెట్టింగ్ వాడతాను. పక్కనున్న మూడు నక్షత్రాల వెలుగు రెండు ఫొటోల్లోనూ సమానంగా ఉంటేనే నెబ్యులా వైపు చూస్తాను. అవి తేడాగా ఉంటే ఆ రాత్రి ఫొటో పక్కన పెట్టేస్తాను. తరువాత రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి తెర మీద మార్చి మార్చి చూస్తాను. నిజమైన నీడ అయితే మూడో వారం ఫొటోలో ఇంకొంచెం జరిగి కనిపిస్తుంది. పొరపాటు అయితే మళ్లీ రాదు.

మీ టెలిస్కోపుకు ఆ నెబ్యులా అందుతుంది. కంటితో మసక మరకలా, కెమెరాతో చక్కని విసనకర్రలా వస్తుంది. 2004లో కెంటకీలో జే మెక్‌నీల్ అనే ఔత్సాహికుడు మూడు అంగుళాల టెలిస్కోపుతో, ఎం78 అనే నెబ్యులా పక్కన అప్పటి ఆకాశ పటాల్లో లేని నెబ్యులా ఒకటి పట్టుకున్నాడు. అక్కడా ఒక కుర్ర నక్షత్రం వెలిగి, చుట్టూ ఉన్న ధూళిని కనిపించేలా చేసింది. మీది దానికి రెండింతలు.

డిసెంబరు చివర్లో మొదలుపెట్టి మార్చి దాకా నెలకు రెండుసార్లు తీయండి. ఇక్కడ పెట్టేటప్పుడు తేదీ, ఎక్స్‌పోజర్, ఫిల్టర్, ఆ రాత్రి చంద్రుడు ఎక్కడున్నాడో కూడా రాయండి. నా ఫొటోల పక్కన పెట్టి చూస్తాను.